క్లిప్పులు ఉన్నవాళ్లు జాగ్రత్త: దవడ నొప్పికి ఆన్‌లైన్‌లో అమ్మే నైట్ గార్డ్ కొనకండి

పళ్లకి క్లిప్పులు వేయించుకుని, పొద్దున లేవగానే దవడ పట్టేసి నోరు తెరవడానికి అవస్థ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా, ముఖ్యంగా నాలాగా కింది పళ్లు పై పళ్లకంటే ముందుకొచ్చి, వాటిని సరిచేయించుకుంటున్నవాళ్ల కోసం. వేడినీళ్లలో మెత్తబరిచి పళ్లకి నొక్కిపెట్టుకునే నైట్ గార్డులు, అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్ల మీద తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగులు, "క్లిప్పులున్నా వాడొచ్చు" అని చెప్పి మరీ అమ్ముతున్నారు. వాటి జోలికి వెళ్లకండి.

నేను తెప్పించింది 699 రూపాయలది. పేజీ మీద క్లిప్పులతో నవ్వుతున్న అమ్మాయి ఫోటో, దాని కింద పెద్ద అక్షరాలతో "బ్రేసెస్ ఫ్రెండ్లీ". వాళ్ల వీడియోలో చూపించినట్టే వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక పై పళ్లకి పెట్టుకుని కొరికి పట్టుకున్నా. చల్లారాక తీయబోతే రాదే! ఎలా వస్తుంది, ఆ ప్లాస్టిక్ కాస్తా బ్రాకెట్ల (తీగని పట్టి ఉంచడానికి పళ్లకి అంటించే చిన్న ముక్కలు) సందుల్లోకి, తీగ కిందకి దూరి అక్కడే గట్టిపడిపోయింది. వేళ్లతో మెల్లగా కదుపుతూ లాగుతుంటే టక్కున చప్పుడు. గార్డ్ చేతిలోకి వచ్చింది కానీ ఎడమవైపు ఒక బ్రాకెట్ పంటి నుంచి ఊడి తీగ మీద అటూ ఇటూ జారుతోంది, తీగ చివర బుగ్గలో గుచ్చుకోవడం అదనం. ఆ రాత్రి తీగ గుచ్చుకోకుండా దాని మీద మైనం అంటించుకుని పడుకున్నా.

ఒళ్లు మండేది ఇప్పుడు చెప్తా. పెట్టె లోపలి అట్టముక్క వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో "క్లిప్పులు ఉన్నవారు వాడరాదు" అని ఇంగ్లీషులో ఉంది. పేజీలో ఒక మాట, పెట్టెలో ఇంకో మాట. రిటర్న్ పెడితే "నోట్లో పెట్టుకునే వస్తువు, శుభ్రత దృష్ట్యా వెనక్కి తీసుకోం" అని ఒకటే జవాబు, ఎన్నిసార్లు అడిగినా అదే.

మా ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పులు వేసే డాక్టర్) గారు చెప్పింది వింటే విషయం తేలిగ్గానే అర్థమైంది. క్లిప్పులు పళ్లని జరుపుతుంటాయి, ఇలాంటి గార్డ్ ఉన్నచోటే పట్టి ఉంచుతుంది, రెండూ ఒకదానికొకటి అడ్డం. పళ్లు జరిగేకొద్దీ ఆ అచ్చు సరిపోదు కూడా. నిజంగా గార్డ్ అవసరమైతే బ్రాకెట్లకి జాగా వదిలి డాక్టరే చేయించి, మధ్యమధ్యలో చూసి సరిచేస్తారట. పైగా మెత్తటి గార్డ్ పెడితే కొందరు నిద్రలో ఇంకా ఎక్కువ కొరుకుతారట.

ఇక నా దవడ ఎందుకు పట్టేస్తోందంటే, ముందు పళ్లు ఒకదానికొకటి తగలకుండా దాటడానికి వెనక పళ్ల మీద నీలం రంగు సిమెంటు దిమ్మలు పెడతారు కదా, నాకు ఒకవైపుది కాస్త ఎత్తుగా ఉంది. రంగు కాగితం ముక్క కొరికించి చూస్తే మచ్చ ఒకవైపే ముదురుగా పడింది. దాన్ని కొంచెం అరగదీశారు, అంతే, ఆ వారంలోనే తేడా తెలిసింది. దీనికా నేను 699 పోసి గార్డ్ కొన్నది! నిద్రలో పళ్లు నూరే అలవాటున్నవాళ్లకీ, పై దవడ పళ్ల నుంచి కింది కోరపంటికి రబ్బర్లు తగిలించుకునేవాళ్లకీ కూడా పొద్దున కండరాలు బిగుసుకోవడం జరుగుతుందట. అలాగని రబ్బర్లు మీ అంతట మీరు మానేయొద్దు, త్వరగా అవుతుందని రెండేసి తగిలించొద్దు.

నాకు పనికొచ్చినవి ఖర్చులేనివే. లేవగానే తడిపిన వేడి గుడ్డతో చెవి ముందు, దవడ మూల దగ్గర పది పదిహేను నిమిషాలు కాపడం, ఆ తర్వాత నొప్పి రానంతవరకే మెల్లగా నోరు తెరిచి మూయడం, టిఫిన్‌కి సాంబార్లో నానిన ఇడ్లీ. పగలు పెదాలు మూసుకున్నా పళ్లు తగలకుండా ఉంచుకోవడం, ఇది గుర్తు పెట్టుకోవడమే కష్టం. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే, దవడ తెరిచాక మూతపడకపోతే, నొప్పితో టక్ టక్ మంటుంటే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

డబ్బుల సంగతికొస్తే, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాడు వెనక్కి తీసుకోననడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పేజీ స్క్రీన్‌షాట్, అట్టముక్క ఫోటో, బ్రాకెట్ మళ్లీ అంటించిన బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా. ఫిర్యాదు నమోదైంది, డబ్బులు ఇంకా రాలేదు. ఈలోగా ఆ పాత పేజీ మాయమై, అదే అమ్మాయి ఫోటోతో, అదే ధరకి, వేరే పేరుతో అమ్ముతున్నారు. ఎక్కడైనా కనిపిస్తే కార్ట్‌లో వేయకండి.