కోనసీమ తేమలో ఒక గుడారం: ఏడు శీతాకాలాల వాడకం

పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటిన 2018 డిసెంబరులో, ఇద్దరు పడుకోవడానికి సరిపోయే ఈ గుడారాన్ని మేము కొనుక్కున్నాము. అప్పటి ధర 7,400 రూపాయలు, సంచీతో కలిపి బరువు రెండున్నర కిలోలు. ఏడు శీతాకాలాలలో నేనూ మా వారూ ఇందులో 83 రాత్రులు పడుకున్నట్టు నా డైరీలో లెక్క ఉంది. కొండల మీద గాలికీ వానకీ మంచుకీ ఇది బాగానే నిలిచింది. దీనికి జరిగిన పెద్ద నష్టం మాత్రం పి.గన్నవరం దగ్గరి మా ఇంట్లో, బీరువాలో మడిచి పెట్టి ఉన్న నెలలలో జరిగింది. డెల్టాలో కాపురం ఉంటూ కొండలకు వెళ్లివచ్చే వారికి ముందుగా తెలియవలసింది ఆ సంగతే కనుక, ఈ సమీక్షలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కార్తీకం నుంచి శివరాత్రి దాకా మేము తిరిగే కాలం. చలి కోసం లంబసింగికి ఒకసారి, కొండలు ఎక్కడానికి మారేడుమిల్లి చుట్టుపక్కలకు రెండు మూడుసార్లు వెళతాము. మళ్లీ తొలకరి పడగానే, మారేడుమిల్లి అవతల మాకు బాగా దగ్గరైన ఒక కొండరెడ్ల (కొండల్లో ఉండే గిరిజనుల) ఇంటికి బయలుదేరుతాము. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు, అది న్యాయమైన కట్టడి అనే నేను నమ్ముతాను. అందుచేత కొండ మీద తోట పెంచాలన్న మా కోరిక ఆ కుటుంబం పెరటిలోనే తీరుతున్నది. వారు పసుపు, అల్లం నాటేటప్పుడు మేమూ నాలుగు రోజులు పని చేస్తాము, చిక్కుడు పాదులకు వెదురు పందిరి కడతాము, పసుపు తవ్వే రోజులకు మళ్లీ చేరుకుంటాము. ఆ పందిరి పక్కనే మా గుడారం వేసుకుంటాము. మొదటి ఏడాది మేము వాగు ఒడ్డున చదునుగా ఉన్న చోటు చూసుకుని సామాను దించబోతే, ఆ ఇంటి పెద్దాయన వచ్చి, "అక్కడ వద్దమ్మా, పైన కొండ మీద వాన పడితే ఇక్కడ మీకు తెలీదు" అని చెప్పి, పెరటిలో చోటు చూపించారు. ఆ రాత్రి మా మీద చినుకు పడలేదు గాని, తెల్లవారేసరికి ఆ చదునంతా నీళ్ల కిందే ఉంది.

ఇక గుడారం సంగతి. ఇది రెండు పొరలది: లోపల దోమతెర గుడ్డ, దాని మీద నీరు దిగని పైగుడ్డ. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి దోమతెర కన్ను సన్నగా ఉండడం నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఆ విషయంలో దీనికి వంక పెట్టలేను. పైగుడ్డ 3,000 మిల్లీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని ఆపుతుందని సంచీ మీద రాసి ఉంది. మొదటి మూడేళ్లూ తొలకరి వానలు రాత్రంతా కురిసినా లోపలికి చుక్క దిగలేదు. లంబసింగిలో మాత్రం మొదటిసారి తెల్లవారుజామున దుప్పటి తడిసి ఉండడం చూసి గుడ్డ కారిందనుకున్నాము. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉండే ఆ ఊళ్లో జనవరి రాత్రి పైగుడ్డ బాగా చల్లబడుతుంది, మా ఊపిరిలోని తేమ దానికి తగిలి నీరై రాలుతుంది. చలికి భయపడి గాలి కిటికీలు రెండూ మూసుకోవడం మా తప్పు. అప్పటినుంచి ఎంత చలిగా ఉన్నా రెండు వైపులా జానెడు తెరిచే ఉంచుతున్నాము.

దీనితో వచ్చిన గూటాలు సన్నని ఇనుప ఊచలు, అవి ఎక్కడికీ పనికిరావు. మా లంకల ఇసుకలో నిలవవు, కొండ మీద గరుసు నేలలో వంగిపోతాయి. కొండ మీదికి లావుపాటి అల్యూమినియం గూటాలు విడిగా కొన్నాము. గోదావరి తిన్నెల మీద వేసినప్పుడు చిన్న గుడ్డ సంచులలో ఇసుక నింపి, వాటికి తాళ్లు కట్టి, మూరెడు లోతున పాతిపెడుతున్నాము. ఫైబర్ కడ్డీలలో ఒకటి నాలుగో ఏట చీలి, దాని నారలు మా వారి అరచేతిలో గుచ్చుకున్నాయి.

జిప్పు చెడింది కూడా గోదావరి ఇసుక వల్లే. పళ్లు మూసుకోవడం మానేసినప్పుడు చాలామంది జిప్పంతా మార్పిస్తారు, నిజానికి అరిగేది రన్నరు. దాని రెండు అంచులనూ పట్టకారుతో ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా నొక్కితే పళ్లను మళ్లీ పట్టుకుంటుంది. అలా రెండేళ్లు గడిచాక అమలాపురంలో సంచులు కుట్టే దర్జీ చేత 60 రూపాయలకు కొత్త రన్నరు వేయించాను. ఇప్పుడు ప్రతి ప్రయాణం తరువాత పాత టూత్ బ్రష్షుతో పళ్లు దులిపి, కొవ్వొత్తి రుద్దుతున్నాను.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు మా వీధిలోకి నీళ్లు వచ్చాయి. ఇంట్లోకి రాలేదు గాని, పది రోజులు మేము మా ఆడపడుచుగారింట్లో తలదాచుకున్నాము. తిరిగివచ్చాక పెరట్లో బురద ఎత్తడం, కుళ్లిన అరటి చెట్లు నరకడం, గోడలు ఆరబెట్టడం, వీటితోనే రోజులు గడిచిపోయాయి. కార్తీకంలో బీరువా తెరిచి సంచీ మూతి విప్పితే పులిసిన కుడితి వాసన కొట్టింది. పైగుడ్డ మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి, పనసకాయ కోసిన చేతికి బంక అంటినట్టు వేళ్లకు అంటుకున్నాయి. లాగితే చర్రుమని విడివడుతూ, గుడ్డ లోపలి పూత ఉల్లిపొరల్లా నా ఒళ్లో రాలింది, కుట్ల మీద అంటించిన టేపు ముక్కలు ముక్కలుగా ఊడిపోయింది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

ఆ పూత పాలియురెథేన్. వేడీ తేమా కలిసి ఉన్న చోట అది నీటితో చర్య పొంది మెల్లగా విచ్ఛిన్నమవుతుంది, ఒకసారి జిగురుగా మారితే ఇక వెనక్కి రాదు. వరద ఒక్కటే దీనికి కారణమని నేను అనుకోవడం లేదు. ఏటా ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గట్టిగా కుక్కిన సంచీలో, గాలి ఆడని బీరువాలో ఉంచినందువల్ల చెడడం అంతకుముందే మొదలై ఉంటుంది. అమ్మినవారిని అడిగితే అది హామీ కిందికి రాదన్నారు. తేమ ప్రదేశాలలో ఎలా దాచాలో ఒక చీటీ మీద రాసి సంచీలో పెట్టి ఉంటే చాలా మేలు చేసినవారయ్యేవారు.

పారెయ్యకుండా బాగు చేసుకున్నాము. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన స్పాంజీతో పాత పూతంతా రుద్ది తీసివేసి, గుడ్డ ఆరిన తరువాత ద్రవరూపంలో దొరికే పాలియురెథేన్ పూతను కుంచెతో పలచగా పూశాము, కుట్లకు విడిగా, సూది రంధ్రాలలోంచి నీరు దిగకుండా మూసే సీలరు పట్టించాము. ఇద్దరికీ రెండు రోజుల పని, ఖర్చు 900 రూపాయలు. తరువాతి మూడు శీతాకాలాలూ ఆ పూతే కాపాడింది, తలవైపు ఒక మూల మాత్రం పెద్ద వానకు చెమ్మగిల్లుతున్నది.

దాచే పద్ధతి పూర్తిగా మార్చాము. కొండ నుంచి దిగిన రోజే, ఎంత అలసటగా ఉన్నా, డాబా మీద నీడపట్టున ఆరవేస్తాము. ఎండకు వేస్తే గుడ్డ మరో రకంగా పాడవుతుంది. తడి పూర్తిగా పోయాక మడతలు పెట్టకుండా వదులుగా పాత దిండు గలీబులో వేసి, మధ్యగది దూలం కొక్కేనికి ఉట్టిలా వేలాడదీస్తాము. గాలి ఆడుతుంది, ఎలుకలు అందుకోలేవు. వానాకాలంలో పదిహేను రోజులకొకసారి తీసి, ఫ్యాను కింద గంటసేపు పరుస్తాను.

మళ్లీ కొనవలసివస్తే ఇదే గుడారం కొనను. రెండు వైపులా సిలికాన్ పూసిన గుడ్డ తేమకు ఇలా జిగురుగా మారదు కాబట్టి, ధర ఎక్కువైనా దానినే తీసుకుంటాను. దాని కుట్లకు మామూలు టేపు అంటదు, చాలావాటికి సీలరు మనమే పూసుకోవలసి ఉంటుంది, ఆ పని ఇప్పుడు మాకు చేతనవును. కొండ ప్రాంతంలోనో రాయలసీమలోనో ఉండేవారికి మాత్రం, గూటాలు మార్చుకునే పక్షంలో, ఈ ధరకు ఇది మంచి గుడారమే.