మండలం వానల లెక్క తెలుగులో: విద్యార్థులు తయారుచేసిన పేజీపై సమీక్ష

తెలంగాణ ప్రభుత్వం 2016లో ఓపెన్ డేటా విధానాన్ని తెచ్చింది. ఆ విధానం కింద నడుస్తున్న రాష్ట్ర పోర్టల్‌లో మండలాల వారీగా రోజువారీ వర్షపాతం, ఉష్ణోగ్రతల పట్టికలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఎంతో విలువైన సమాచారమది. అయితే రాష్ట్రమంతటి వివరాలూ ఒకే ఫైలులో, ఆంగ్ల శీర్షికల కింద వేల వరుసలుగా ఉంటాయి కనుక, దేవరకొండ వైపు పత్తి రైతు ఫోనులో తెరిచి చూసుకునే రూపంలోకి దాన్ని ఎవరో ఒకరు మార్చాలి. నల్లగొండ జిల్లా విద్యార్థులు కొందరు సొంతంగా తయారుచేసిన పేజీ ఆ పని చేస్తోంది. ఈ వానాకాలమంతా దాన్ని వాడాను.

మండలం పేరు నొక్కగానే జూన్ 1 నుంచి కురిసిన మొత్తం, ఆ తేదీకి ఉండవలసిన సాధారణ వర్షపాతం, లోటు లేదా మిగులు తెలుగులో కనిపిస్తాయి. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసిన తరువాతే పత్తి గింజలు పెట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతున్నారు; తొలి జల్లుకే విత్తి, మొలక ఎండిపోయి, రెండోసారి విత్తనాలు కొనే కుటుంబాలకు ఆ మొత్తం ఎంతకు చేరిందో తెలియడం చిన్న విషయం కాదు. వర్షపాతాన్ని ఉదయం 8:30 నుంచి మరునాటి ఉదయం 8:30 వరకు లెక్కిస్తారు కాబట్టి నిన్న సాయంత్రం కురిసిన వాన నేటి తేదీ కింద కనిపిస్తుందని అంకె పక్కనే వివరించారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే చాలామంది లెక్క తప్పని పేజీని మూసేసేవారు.

నాకు అన్నిటికంటే నచ్చినది వీరి నిజాయితీ. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. గట్టుప్పల్ మండలం 2022లో ఏర్పడింది. ఇలాంటి చోట్ల పాత సంవత్సరాల గడిని పొరుగు మండలం అంకెతో నింపకుండా "లెక్క లేదు" అని రాశారు. ప్రతి పట్టిక కింద మూల ఫైలు పేరు, దాన్ని దించిన తేదీ ఉన్నాయి. ఇది మండలం లెక్కే గాని ఊరి లెక్క కాదని కూడా స్పష్టంగా చెప్పారు.

పంచాయతీ నిధుల విభాగం మాత్రం నిరాశపరిచింది. 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పంచాయతీల వెబ్‌సైటు ఈ-గ్రామస్వరాజ్‌లో గ్రామ ప్రణాళికలు, ఖర్చుల వివరాలు ఉంటాయి. ఈ పేజీ అక్కడికి లింకు ఇచ్చి ఊరుకుంది. వానల పట్టికపై పెట్టిన శ్రద్ధలో సగమైనా ఇక్కడ పెడితే, ఏ వాడలో మురుగుకాలువకు ఎంత కేటాయించారో గ్రామసభకు ముందే జనం చదువుకుని రాగలుగుతారు.

ఫ్లోరైడ్ పీడించిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలున్న జిల్లాకు చేసిన పేజీలో తాగునీటి పరీక్షల విభాగం అసలే లేకపోవడం పెద్ద లోటు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని పక్కనే చూపుతూ, ఏ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో ఊరి పేరుతో చూసుకునే వీలును వచ్చే వేసవిలోపు చేర్చాలని తయారీదారులను కోరుతున్నాను.