నాలుగేళ్ల మెలనూరస్ ర్యాస్: కొన్న చేప ఒకటి, మిగిలిన చేప ఒకటి

2021 చివర్లో మూడు మెలనూరస్ ర్యాస్‌లు తెచ్చాను. ర్యాస్ అనే సముద్రపు చేపల కుటుంబంలో ఇవో రకం. ఒకటి మగ, రెండు ఆడ. నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు, సుమారు 340 లీటర్లు. ఉప్పు ఎంత ఉండాలి, నీటిని చల్లబరిచే చిల్లర్ ఎంతకి పెట్టాలి అన్న సంగతులు మళ్లీ రాయను, అవి తెలియకుండా ఎవరూ ర్యాస్‌ల దాకా రారు. నేను చెప్పాలనుకున్నదల్లా తోక మొదట్లో ఉండే ఒక నల్ల మచ్చ గురించి.

ఈ జాతిలో ఆడదానికి తల నుంచి తోకదాకా సన్నటి చారలు. నీలం కలిసిన పచ్చ ఒకటి, నారింజ ఒకటి, మగ్గం మీద నేసినట్టు ఉంటాయి. వీపు రెక్క మీదా, తోక మొదట్లోనూ నల్లటి కంటి మచ్చలు, చుట్టూ లేత రంగు అంచు. వీటిలో ఆడది తర్వాత మగగా మారగలదు. అలా మారేకొద్దీ ఆ మచ్చలు వెలిసిపోతాయి, ముఖం మీద గులాబీ, నారింజ గీతలు తేలతాయి. షాపులో నాకు పనికొచ్చిన గుర్తు ఇదొక్కటే. పేర్లను నమ్ముకుంటే లాభం లేదు. ఇదే చేపను ఒకచోట హోవెన్స్ అంటారు, ఇంకోచోట టెయిల్‌స్పాట్ అంటారు. చిన్నతనంలో ఇలాగే చారలు, మచ్చలతో ఉండే దాయాదులూ తక్కువేం లేరు. పైగా బ్లూహెడ్ లాంటి కొన్ని ర్యాస్‌లలో ఆడ రంగు వేసుకుని తిరిగే పుట్టు మగలు కూడా ఉంటాయి. కాబట్టి రంగు చూసి ఇది ఆడదే అని ఒట్టు వేయలేం.

మొదటి ఏడాది వీటిని తెగ పొగిడాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. రాళ్ల మీద పాకే ఫ్లాట్‌వర్మ్‌లు, అంటే బల్లపరుపు పురుగులు, నెలరోజుల్లో మాయం. రాత్రి లైట్లు ఆరడానికి కాస్త ముందే మూడూ వరుసగా ఇసుకలోకి దూరిపోయేవి. ఫెయిరీ ర్యాస్‌లైతే రాళ్ల సందున జిగురు సంచి కట్టుకుని పడుకుంటాయి, వీటికి మాత్రం రెండంగుళాల సన్న ఇసుక ఉండాల్సిందే. అడుగున ఇసుక లేని గాజు తొట్టిలో ఉంచితే మూతి పగలగొట్టుకుంటాయి. కొత్త చేపల్ని కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టిలో నేను ఐస్‌క్రీం డబ్బాలో ఇసుక పోసి పెట్టాను, మొదటి మూడు రోజులు మూడూ అందులోంచి బయటకే రాలేదు. చచ్చాయనుకుని వేలు పెట్టి కెలికితే ఒకటి బాణంలా దూసుకొచ్చింది. అప్పటినుంచీ ర్యాస్ కనబడకపోతే టెన్షన్ పడకూడదని నేర్చుకున్నాను. నాకు చేటు చేసింది ఆ పాఠమే.

2023 సంక్రాంతికి ఊరెళ్లాం. వెళ్లే వారం ముందు నీటిలో అలలు పుట్టించే కొత్త వేవ్ పంపు పెట్టి, దాని వైరు కోసం మూతకున్న జాలిని మూలలో కత్తిరించాను. రెండు వేళ్ల సందు. జాలి బాగానే ఉంటుంది, కిటికీలకు దోమల జాలి బిగించే ఆయనే అల్యూమినియం ఫ్రేములో కొలత ప్రకారం చేసిచ్చాడు. సందు మాత్రం పూర్తిగా నా ఘనకార్యం. టేపు వేద్దామనుకుని వేయలేదు.

భోగి రోజు మేత వేయడానికి వచ్చిన పక్కింటాయన ఫోన్ చేశాడు. "సార్, పెద్ద చేప కనబడట్లేదండి." నేను తొణక్కుండా, "ఇసుకలో ఉంటాడు లెండి, వాడికది అలవాటే" అన్నాను. మర్నాడూ అదే మాట. నేనూ అదే జవాబు. కనుమ మర్నాడు ఇంటికొచ్చాక మా అమ్మ స్టాండు వెనక చీపురు పెడితే వాడు బయటికొచ్చాడు. ఎండి, వంకర తిరిగి ఉన్నాడు. రంగు కూడా లేదు. అమ్మ ఏమీ అనలేదు. నేను ముందు సందుకి టేపు వేశాను.

ఇంకో మగదాన్ని తెద్దామని నాలుగు షాపులకు ఫోన్లు చేస్తుండగానే లోపల సీను మారింది. మిగిలిన రెండింటిలో పెద్దది, నేను నీలవేణి అని పిలుచుకునేది, ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివరకు గస్తీ తిరుగుతోంది. చిన్నదాని పక్కకు వచ్చి రెక్కలన్నీ విప్పి నిలబడుతోంది. చనిపోయినవాడు అచ్చం అలాగే చేసేవాడు. ఆస్ట్రేలియాలోని హెరాన్ ద్వీపం దగ్గర క్లీనర్ ర్యాస్‌ల (వేరే చేపల ఒంటి మీది పురుగుల్ని ఏరి తినే ర్యాస్‌ల) మీద రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త 1972లో రాశాడు, మగది పోయిన కొద్ది గంటల్లోనే పెద్ద ఆడది పెత్తనం మొదలుపెడుతుందని. మాదీ అదే బాపతైతే, నేను ఊళ్లో అరిసెలు తింటుండగానే ఇక్కడ పట్టాభిషేకం అయిపోయి ఉంటుంది.

నడత అంత తొందరగా మారినా రంగు నింపాదిగా వచ్చింది. రోజూ పొద్దున ఒకే చోట నుంచుని ఫొటో తీశాను. మూడో వారంలో బుగ్గ మీది గీతలు ముదిరాయి. తర్వాత ఒంటి చారలు అక్కడక్కడా తెగి, మధ్యలో పచ్చదనం చేరింది. వీపు మచ్చ పోయింది. తోక మొదట్లోని మచ్చ మాత్రం మొండిది. చుట్టూ ఉన్న అంచు ముందు చెదిరింది, ఆపైన నలుపు బూడిదయింది, చివరికి గాజుకి ముక్కు ఆనించి వెతికితే తప్ప కనబడని మరకయింది. మొత్తం ఐదు నెలలు. "నాన్నా, మందు వేశావా?" అని మా చిన్నది అడిగింది. ఏ మందూ లేదు, అరోమటేస్ అనే ఎంజైమ్ తగ్గిపోతే ఆడ హార్మోన్ తయారవడం ఆగి, అండాశయమే వృషణమైపోతుందని నాకు వచ్చినంతలో చెప్పాను. సగం విని వెళ్లిపోయింది.

ఇంట్లో కూర్చుని ఇలాంటిది చూడటం మామూలు సంగతి కాదు. ఆ ఐదు నెలలకే పెట్టిన డబ్బు గిట్టింది. కానీ దొంగమాట చెప్పను, నేను ఇష్టపడి కొన్నది చారల చేపను. ఇప్పుడున్నవాడు మెరుస్తాడు, చూసినవాళ్లంతా వాడినే మెచ్చుకుంటారు. నా కళ్లు మాత్రం ఆ మచ్చ ఉన్నచోటికే పోతాయి. నీలవేణి అన్న పేరు ఇప్పుడు నప్పట్లేదు, ఇంకో పేరు నోటికి రావట్లేదు.

అప్పట్లో "సాధువు చేప, ఎవరితోనైనా సర్దుకుపోతుంది" అని చెప్పాను. ఆ మాట ఆడదానికి వర్తిస్తుంది. మగ అయ్యాక, కొత్తగా వదిలిన ఎల్లో ర్యాస్‌ను రెండు వారాలు ఊపిరాడనివ్వలేదు. పెప్పర్‌మింట్ రొయ్యలు రెండు గుల్ల విడిచిన రాత్రుల తర్వాత కనబడలేదు, ఎవరి పనో చూడలేదు గానీ నా అనుమానం వాడి మీదే. రాళ్లకు ఉండే చిన్న గొట్టం పురుగులు కూడా పోయాయి.

మళ్లీ కొంటానా అంటే, మాకు నాలుగడుగుల ట్యాంకు ఉంది కాబట్టి, రొయ్యల మీద పెద్ద మోజు లేదు కాబట్టి, కొంటానేమో. మూత లేని ట్యాంకే అందమనుకునేవాళ్లు, తరచూ ఊళ్లు తిరిగేవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోండి. కొంటే మచ్చలు స్పష్టంగా ఉన్న చిన్నవి రెండు తీసుకోండి, మగదానికి వేరే ఖర్చు పెట్టక్కర్లేకపోవచ్చు. నేను ఫోన్ చేసిన షాపుల్లో ఒకాయన ఏడాది తర్వాత తిరిగి చేసి, "సార్, మీరడిగిన మగది వచ్చింది" అన్నాడు. ఒకటి ఉందండీ అన్నాను. ఎక్కడ దొరికిందని అడిగాడు.