చప్లీ కబాబా, షామీ కబాబా?

పెషావర్ చప్లీనీ హైదరాబాద్ విందుల్లో కనిపించే షామీనీ చూస్తే, రెండూ ఖీమా బిళ్లలే కదా అనిపిస్తుంది. కానీ షామీకి ఖీమాను శనగపప్పు, మసాలాలతో ముందే ఉడికించి మెత్తగా రుబ్బుతారు. చప్లీకి పచ్చి ఖీమానే కలిపి వేయిస్తారు. మిగతా తేడాలన్నీ ఇక్కడ మొదలైనవే.

షామీ నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది, పళ్లకు పెద్దగా పని ఉండదు. చప్లీని మాత్రం నమిలి తినాలి. కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, ఎండు దానిమ్మ గింజల పులుపు, మధ్యమధ్యలో పచ్చిమిర్చి పంటికి తగులుతుంటాయి. పఠాన్ల మాంసం వంటలు చాలావరకు ఉప్పు, కొవ్వుల మీదే నడుస్తాయి, మసాలా జోలికి పెద్దగా పోవు. వాళ్లదే అయినా చప్లీది మాత్రం వేరే దారి. పెషావర్ దగ్గర గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదున్న తారూ జబ్బా ఈ కబాబ్‌కు పేరుమోసిన ఊరు. అరచేయంత బిళ్ల తట్టి, పైన టమాటా చక్రం అదిమి, వెడల్పాటి ఇనప మూకుడులో కాగే పశువుల కొవ్వులోకి జారవిడుస్తారు. అంచులు కరకర, లోపల రసం. పక్కన నాన్, తర్వాత గ్రీన్ టీ.

రుచిలో నా ఓటు చప్లీకే. ఇంట్లో చేయాలంటే మాత్రం ఇబ్బంది పెట్టేదీ అదే. మన కొట్లలో మేక ఖీమా పొడిగా ఉంటుంది. కొవ్వు కలిపి, ఒక్కసారే మెషిన్‌లో వేయమని అడగాలి. ఉల్లి, టమాటా నీళ్లు గట్టిగా పిండకపోతే బిళ్ల మూకుడులో విచ్చిపోతుంది. పట్టుకోవడానికి వేసేది పసుపురంగు మొక్కజొన్న పిండి. దాని బదులు సూపుల్లో వాడే తెల్లటి కార్న్‌ఫ్లోర్ వేస్తే జిగురు తప్ప రుచి రాదు. ఉత్త నూనెలో వేయిస్తే సగం మజా పోతుంది, కాస్త నెయ్యి కలిపితే నయం.

షామీకి ఈ టెన్షన్ లేదు. పప్పు వల్ల మాంసం కలిసొస్తుంది. బిళ్లలు ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, చుట్టాలు వచ్చాక గుడ్డు సొనలో ముంచి వేయిస్తే సరి. మిగిలితే మర్నాడు బ్రెడ్డు మధ్యలోకి పనికొస్తుంది. చప్లీ చల్లారితే కొవ్వు పేరుకుని ముద్ద దిగదు. (లోపల గట్టి పెరుగు కూరిన శికంపురి కబాబ్‌ను ఈ పోటీలోకి దింపితే నా ఓటు ఎటు పోతుందో చెప్పలేను.)

పదిమందిని పిలిస్తే షామీ చేయండి. నలుగురే ఉండి, పొయ్యి మీంచి దింపింది దింపినట్టు తినేవాళ్లయితే చప్లీ.