మా విచారణ గుడి గంట మరమ్మతు: పని చేసిన వర్క్‌షాపుపై సమీక్ష

విశాఖ వన్‌టౌన్‌లోని మా విచారణ (కతోలిక పారిష్) గుడి గంట ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మరియమాతను తలచుకునే త్రికాల జపానికి మూడేసి దెబ్బల చొప్పున మూడు మార్లు, ఆపైన తొమ్మిది దెబ్బలు మోగడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. రెండేళ్లుగా ఆ నాదం సాగక, దెబ్బ పడిన వెంటనే అణగిపోసాగింది. మరమ్మతును కంచరపాలెం వైపున్న ఒక చిన్న వర్క్‌షాపుకు అప్పగించిన విచారణ సంఘంలో నేనూ సభ్యుణ్ణి కనుక, ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు దగ్గరుండి చూశాను.

అంతకుముందు వచ్చిన ఒక కాంట్రాక్టరు పది నిమిషాలు చూసి, వెల్డింగు చేసి రంగు వేస్తే సరిపోతుందన్నాడు. ఈ వర్క్‌షాపు మేస్త్రి మాత్రం ఒక పూటంతా గోపురంలోనే కూర్చుని, చెక్క సుత్తితో అంచు చుట్టూ తట్టి విని, సుద్దతో గుర్తులు పెట్టుకున్నారు. వెల్డింగు మాట ఎత్తగానే, "వద్దు బాబూ, కంచుకు ఒకచోటే వేడి తగిలితే పగులుతుంది" అన్నారు. గంటల కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి; అంత తగరం ఉండడం వల్లనే అది ఖంగుమని మోగుతుంది, అందువల్లనే పెళుసుగానూ ఉంటుంది.

లోపం రెండు చోట్ల తేలింది. నాలుకను, అంటే గంట లోపల వేలాడుతూ అంచుకు కొట్టుకునే కడ్డీని, వేలాడదీసే ఇనుప కొక్కేన్ని పాతకాలపు పద్ధతిలో గంట పోతపోసేటప్పుడే తలభాగంలో ఇమిడ్చారు. సముద్రపు గాలికి ఆ ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతూ చుట్టూ ఉన్న కంచును నొక్కుతోంది. ఇంకొన్నాళ్లు ఆగితే తల పగిలేదే. దానిని జాగ్రత్తగా డ్రిల్లుతో తొలిచి తీసి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుతో విడిగా బిగించే కొత్త కొక్కెం అమర్చారు. ఈ ఒక్క పనికే వారికి చెల్లించిన మొత్తం గిట్టుబాటైందని నా అభిప్రాయం.

రెండవది నాకు మరీ విలువైనదిగా తోచింది. లోపలి అంచున ఎదురెదురుగా రెండు లోతైన గుంటలు, వాటికి సరిగ్గా అడ్డంగా మరో రెండు పాత గుంటలు కనిపించాయి. అంటే, నాలుక తగిలి అరిగిన చోటు తప్పించడానికి ఎవరో పూర్వం ఈ గంటను ఒకసారి పావు చుట్టు తిప్పి బిగించారన్న మాట. మా గుడి రిజిస్టర్లలో ఈ ముచ్చట ఎక్కడా లేదు. 1846లో ఇప్పటి ఫ్రాన్సులోని అన్నెసీ నుంచి వచ్చిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువుల కాలం నుంచి, 1886లో మేత్రాసనం (బిషప్ పరిధిలోని ప్రాంతం) ఏర్పడడం వరకు పెద్ద సంగతులన్నీ మనవాళ్లు రాసిపెట్టుకున్నారు గాని, గంట తిప్పిన మేస్త్రిని ఎవరు రాస్తారు? ఈసారి గుంటలు లేని నడిమి భాగానికి దెబ్బ తగిలేలా గంటను మళ్లీ తిప్పారు. 1859లో పగిలిన లండన్ బిగ్ బెన్‌ను కూడా ఇలాగే కొద్దిగా తిప్పి, తేలికైన సుత్తి పెట్టి, నేటికీ మోగిస్తున్నారు.

నాదాన్ని అణచివేస్తున్న రంగు పొరలను గీకకుండా, మెత్తబరిచి తుడిచి తీశారు. గీకి ఉంటే కింద ఉన్న తీగల నగిషీ పోయేది.

అయితే గడువు విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం పూజలో పాడే మహిమ గీతానికి మోగిన గంటలు తిరిగి శనివారం రాత్రి ఈస్టర్ జాగరణలో మహిమ గీతం దాకా మౌనంగా ఉంటాయి, ఆ మధ్య గంటకు బదులు టకటకలాడే కొయ్య గిలకే వాడతాం. గురువారానికల్లా గంటను ఎక్కిస్తామని మాట ఇచ్చి, ఈస్టర్ దాటిన వారానికి తెచ్చారు. జాగరణ రాత్రి చేతిగంటలతో సరిపెట్టుకోవలసి రావడం పెద్దలను చాలా బాధించింది. తాడు దిగే రంధ్రపు అంచును నున్నగా చేయకపోవడంతో కొత్త తాడు అప్పుడే పీచు లేస్తోంది. చెప్పగానే వచ్చి చూస్తామన్నారు, ఇంకా రాలేదు.

పాత గంట ఉన్న గుడులవారు పని వీరికే ఇవ్వవచ్చు. గడువును కాగితం మీద రాయించుకోండి, తాడు దారి నునుపు చేయడాన్ని కూడా మొదటే పనుల పట్టీలో చేర్పించండి.