మొదటి మల్టీమీటర్: డీటీ830 మేలా, ఆటో రేంజ్ మేలా, ముల్లు మీటర్ మేలా?

ఎలక్ట్రానిక్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మల్టీమీటర్ కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఎన్ని ఫంక్షన్లు ఉన్నాయో లెక్కపెడతారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండు. మీటర్ తగిలించాక కూడా సర్క్యూట్ మునుపటిలాగే నడుస్తుందా? ప్రోబ్ తప్పు సాకెట్లో ఉండిపోయిన రోజున కాలేది ఫ్యూజా, బోర్డా? చవక మీటర్లలో మంచీ చెడూ చాలావరకు ఈ రెండు ప్రశ్నల దగ్గరే తేలిపోతాయి.

పోటీలో ఉన్నవి ముఖ్యంగా మూడు. ఒకటి, నాబ్ తిప్పి రేంజ్ మనమే ఎంచుకోవాల్సిన డీటీ830 రకం. 9 వోల్ట్ బ్యాటరీతో నడుస్తుంది, తెర మీద 1999 దాకా చూపిస్తుంది, దీన్నే 1999 కౌంట్లు అంటారు. రెండోది, 4000 లేదా 6000 కౌంట్ల ఆటో రేంజ్ మీటర్, అంటే రేంజ్‌ని తనే ఎంచుకునేది. మూడోది, పాత ముల్లు మీటర్. నాబ్ లేకుండా అన్నీ తనే కనిపెట్టే సన్నటి 'స్మార్ట్' మీటర్లు కూడా ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. వాటి సంగతి తర్వాత చెప్తాను.

మీటర్ ఎంత కరెంట్ తాగుతుంది

ఈ తేడా ఒక్క ప్రయోగంతో తెలిసిపోతుంది. 9 వోల్ట్ బ్యాటరీకి రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లు సిరీస్‌లో కలపండి. రెండూ సమానం కాబట్టి మధ్యలో 4.5 వోల్ట్‌లు ఉండాలి. 10 మెగా ఓమ్‌ల లోపలి నిరోధం ఉన్న ఆటో రేంజ్ మీటర్ అక్కడ 4.29 చూపిస్తుంది. డీటీ830 రకంలో చాలావాటికి ఆ నిరోధం 1 మెగా ఓమే, కాబట్టి అది 3 వోల్ట్‌లే చూపిస్తుంది. వోల్టుకు 20 కిలో ఓమ్‌లని రాసి ఉన్న ముల్లు మీటర్‌ని 10 వోల్ట్‌ల రేంజ్‌లో పెడితే ముల్లు 1.29 దగ్గర ఆగిపోతుంది. మూడింటిలో ఏదీ పాడవలేదు. మీటర్ తగిలించగానే అదీ ఒక రెసిస్టరై కింది రెసిస్టర్ పక్కన కూర్చుంటుంది. సర్క్యూట్ మారిపోతుంది, మారిన సర్క్యూట్‌లో వోల్టేజ్‌ని మీటర్ నిజాయితీగానే చూపిస్తుంది.

రోజువారీ పనిలో ఇది ఎంత ఇబ్బంది? పై ప్రయోగంలోలా వోల్టేజ్‌ని పంచే రెండు రెసిస్టర్ల జంటని డివైడర్ అంటారు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో చేసిన డివైడర్‌కి 5 వోల్ట్‌లిస్తే, 2.50 రావాల్సిన చోట డీటీ830 2.49 చూపిస్తుంది. పట్టించుకోనక్కర్లేదు. అదే 100 కిలో ఓమ్‌లైతే 2.38కి పడిపోతుంది. బ్యాటరీ త్వరగా అయిపోకూడదని డివైడర్లలో పెద్ద రెసిస్టర్లు వాడటం మామూలే కదా. అలాంటి చోట మైక్రోకంట్రోలర్ ఒక అంకె, మీటర్ మరో అంకె చెబితే కొత్తవాళ్లు ముందు తమ కోడ్‌నే అనుమానిస్తారు. లేని తప్పు కోసం వెతుకుతూ ఒక సాయంత్రం గడిచిపోతుంది. అందుకే నా లెక్కలో 10 మెగా ఓమ్‌లనేది అదనపు సదుపాయం కాదు, కనీస అర్హత.

కొనబోయే మీటర్‌కి ఎంత ఉందో కాగితంలో రాయకపోతే కనుక్కోవడం తేలిక. ఎర్ర ప్రోబ్‌కి, 9 వోల్ట్ బ్యాటరీ ప్లస్‌కి మధ్య ఒక 1 మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టి కొలవండి. బ్యాటరీ సరిగ్గా 9 వోల్ట్‌లుంటే, 10 మెగా ఓమ్‌ల మీటర్ సుమారు 8.18 చూపిస్తుంది, 1 మెగా ఓమ్ మీటర్ 4.5 చూపిస్తుంది. రెండింటి మధ్య ఇంత దూరం ఉంది కాబట్టి పొరబడే అవకాశం లేదు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. 10 మెగా ఓమ్‌ల మీటర్ ప్రోబ్స్ గాలిలో వేలాడుతుంటే తెర మీద మిల్లీవోల్ట్‌ల అంకెలు ఊరికే ఆడుతుంటాయి. చుట్టుపక్కల వైర్ల నుంచి వచ్చే అతి చిన్న సంకేతాన్ని కూడా అది పట్టేస్తుంది. మీటర్ చెడిపోయిందని వెనక్కి పంపకండి. ప్రోబ్స్ రెండూ తాకించగానే సున్నాకి వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే.

కౌంట్లు, కచ్చితత్వం

1999 కౌంట్ల మీటర్ 5 వోల్ట్‌లని 20 వోల్ట్‌ల రేంజ్‌లోనే చూపించగలదు. అంటే 5.00 కనిపిస్తుంది, ఆఖరి అంకె విలువ 10 మిల్లీవోల్ట్‌లు. 6000 కౌంట్ల మీటర్ అదే వోల్టేజ్‌ని 5.000గా చూపిస్తుంది. లిథియం సెల్ 4.18 దగ్గరుందా, 4.183 దగ్గరుందా అన్నది ఛార్జర్ సరిచూసేవాళ్లకు పనికొస్తుంది. ఎల్‌ఈడీ వెలిగించేవాళ్లకు అక్కర్లేదు.

ఆఖరి అంకె కనిపించినంత మాత్రాన అది నిజమని కాదు. ±(0.5% + 2 అంకెలు) అని రాసి ఉన్న 1999 కౌంట్ల మీటర్‌లో 5.00 అంటే 4.955 నుంచి 5.045 దాకా ఏదైనా కావచ్చు. ±(0.5% + 3 అంకెలు) ఉన్న 6000 కౌంట్ల మీటర్‌లో ఆ అటూఇటూ 28 మిల్లీవోల్ట్‌లకు తగ్గుతుంది. మెరుగే, కానీ తెర మీద కనిపించే మూడు దశాంశాలు మనసులో పుట్టించే నమ్మకమంత మెరుగు మాత్రం కాదు.

డీటీ830 విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, అది మెల్లగా వస్తుంది. దాని 9 వోల్ట్ బ్యాటరీ 7 వోల్ట్‌ల చుట్టుపక్కలకు జారేసరికి లోపలి రిఫరెన్స్ వోల్టేజ్ (మీటర్ కొలతని పోల్చి చూసుకునే వోల్టేజ్) కూడా పడిపోతుంది. రిఫరెన్స్ తగ్గితే రీడింగ్ పెరుగుతుంది. అలా నీరసించిన సెల్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. తానే ఆగిపోయే ఏర్పాటు ఈ మీటర్లలో ఉండదు, నాబ్‌ని ఆఫ్‌కి తిప్పడం మరిచిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. తెర మూలన బ్యాటరీ గుర్తు వచ్చిందంటే ఆ రీడింగ్ నమ్మకండి. ఆటో రేంజ్ మీటర్లు ఎక్కువగా రెండు సన్న సెల్స్‌తో నడుస్తాయి, కొన్ని నిమిషాలు వాడకపోతే వాటంతట అవే ఆగిపోతాయి.

కరెంట్ కొలిచేటప్పుడు ఏం కాలుతుంది

కొత్తవాళ్లు మీటర్ పాడుచేసేది దాదాపు ఎప్పుడూ ఒకే పద్ధతిలో. ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంప్స్ సాకెట్లో పెట్టి కరెంట్ కొలుస్తారు, తర్వాత ప్రోబ్ మార్చడం మరిచి వోల్టేజ్ కొలవబోతారు. ఆ సాకెట్‌కి, కామ్‌కి (నల్ల ప్రోబ్ పెట్టే సాకెట్‌కి) మధ్య లోపల ఉండేది లావుపాటి తీగ ముక్క, నిరోధం సుమారు 0.01 ఓమ్. నాబ్ ఎక్కడున్నా ఆ తీగ అక్కడే ఉంటుంది. అంటే ఆ క్షణంలో మీటర్ ఒక షార్ట్ సర్క్యూట్. డీటీ830 రకంలో చాలావాటికి 10 ఆంప్స్ దారిలో ఫ్యూజే ఉండదు, ఆ మాట సాకెట్ పక్కనే రాసి ఉంటుంది. లిథియం ప్యాక్ మీద ఈ పొరపాటు జరిగితే నిప్పురవ్వలు లేస్తాయి, ప్రోబ్ మొనలు కరుగుతాయి, వైర్లు వేడెక్కుతాయి. రెండు కరెంట్ సాకెట్లకీ ఫ్యూజులున్న మీటర్లో ఫ్యూజ్ పోయి అక్కడితో ఆగుతుంది. ఆటో రేంజ్ మీటర్ కొనేటప్పుడు వెనక మూత తీసి ఫ్యూజులు రెండున్నాయో లేదో చూడమనేది ఇందుకే.

మిల్లీయాంప్స్ దగ్గర మాత్రం డీటీ830కే ఒక అనుకూలత ఉంది. అందులో వోల్ట్‌లకూ మిల్లీయాంప్స్‌కూ సాకెట్ ఒకటే, కాబట్టి నాబ్‌ని వోల్ట్‌లకు తిప్పగానే ప్రమాదం తొలగిపోతుంది. నాలుగు సాకెట్ల మీటర్లో మిల్లీయాంప్ సాకెట్ విడిగా ఉంటుంది, నాబ్‌తో పాటు ప్రోబ్ కూడా మార్చాలి. అలవాటయ్యేలోపు ఒకటి రెండు ఫ్యూజులు పోతాయి.

కరెంట్ కొలతలో కనిపించని ఇంకో ఖర్చు వోల్టేజ్ పడిపోవడం. డీటీ830లో 200 మిల్లీయాంప్స్ రేంజ్‌కి షంట్ (కరెంట్ కొలవడానికి దారిలో ఉండే చిన్న రెసిస్టర్) 1 ఓమ్, 20 మిల్లీయాంప్స్ రేంజ్‌కి 10 ఓమ్‌లు. ఫ్యూజ్, ప్రోబ్ వైర్లు కలిస్తే ఇంకాస్త. వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్ బోర్డు సిగ్నల్ పంపేటప్పుడు క్షణకాలం 300 మిల్లీయాంప్స్ దాకా లాగొచ్చు. అప్పుడు మొత్తం 2 ఓమ్‌లు అడ్డుంటే 0.6 వోల్ట్‌లు మీటర్లోనే పోతాయి, 3.3 కాస్తా 2.7 అవుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. మీటర్ తీసేస్తే మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఇలాంటి బోర్డులకు ముందు 10 ఆంప్స్ రేంజ్‌లోనే కొలవండి. రీడింగ్‌లో అంకెలు తక్కువే వస్తాయి, కానీ సర్క్యూట్ బతుకుతుంది.

రోజూ వాడేది బజరే

కంటిన్యూటీ బజర్ (ప్రోబ్స్ మధ్య తీగ కలిసే ఉంటే మోగేది) లేని మీటర్ కొనకండి. డీటీ830బీ అనే మోడల్‌కి బజర్ లేదు, డీటీ830డీకి ఉంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కాబట్టి నాబ్ చుట్టూ శబ్దం గుర్తు ఉందో లేదో చూసుకోండి. సోల్డర్ అతుకులు, బ్రెడ్‌బోర్డ్ తీగలు, తెగిన వైర్లు వెతికేటప్పుడు కళ్లు బోర్డు మీద ఉండాలి, తెర మీద కాదు. బజర్ ఎంత చురుకైనదో తెలియాలంటే రెండు ప్రోబ్ మొనల్ని ఒకదాని మీద ఒకటి గబగబా గీయండి. గీసినంతసేపూ గరగరమంటూ శబ్దం వస్తే మంచి బజర్. తాకించిన అర సెకను తర్వాత తీరిగ్గా మోగేది ఐసీ కాళ్ల మీద వరసగా జార్చుకుంటూ పోవడానికి పనికిరాదు.

డయోడ్ టెస్ట్‌లో ఎర్ర ఎల్‌ఈడీ చాలా మీటర్లలో వెలుగుతుంది, సుమారు 1.8 వోల్ట్‌లు చూపిస్తుంది. నీలం, తెలుపు ఎల్‌ఈడీలకు 3 వోల్ట్‌ల దరిదాపుల్లో కావాలి కాబట్టి డీటీ830లో మసగ్గా మెరిసినా అంకె మాత్రం రాదు. కొన్ని ఆటో రేంజ్ మీటర్లలో వస్తుంది.

కెపాసిటెన్స్ కొలత ఉంటే మంచిదే, కొలిచే ముందు కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేయాలి. ట్రూ ఆర్‌ఎంఎస్ (ఏసీ ఏ ఆకారంలో ఉన్నా సరిగ్గా కొలిచే పద్ధతి) కోసం మొదటి మీటర్లో ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. మామూలు మీటర్ స్క్వేర్ వేవ్‌ని 11% ఎక్కువ చూపిస్తుంది, కానీ బ్యాటరీ సర్క్యూట్లలో మీరు కొలిచేది ఎక్కువగా డీసీయే. ట్రాన్సిస్టర్ గుచ్చే గుండ్రటి సాకెట్ కోసమైతే అసలు చూడకండి.

ముల్లు మీటర్ ఎవరికి

నెమ్మదిగా మారే విలువని చూడటంలో ముల్లుకి సాటి లేదు. కెపాసిటర్ ఛార్జ్ అవుతుంటే ముల్లు ఒక్కసారి ఎగిరి మెల్లగా వెనక్కి జారడం చూస్తే పాఠం మనసుకెక్కుతుంది. అంతమాత్రాన మొదటి మీటర్‌గా కొనమని చెప్పలేను. లోపలి నిరోధం సంగతి పైన చూశాం. ఓమ్స్ రేంజ్ మార్చినప్పుడల్లా ప్రోబ్స్ కలిపి సున్నా సరిచేయాలి. డీసీ తిరగేసి పెడితే ముల్లు వెనక్కి కొట్టుకుంటుంది. పైగా ఓమ్స్‌లో ఉన్నప్పుడు చాలావాటిలో నల్ల ప్రోబే ప్లస్ అవుతుంది, డయోడ్ కాళ్లు గుర్తుపట్టడంలో కొత్తవాళ్లు బోల్తాపడేది అక్కడే.

స్మార్ట్ మీటర్ల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. జేబులో పడతాయి, ఇంట్లో సెల్ బాగుందో లేదో చూడటానికి హాయిగా ఉంటాయి. కానీ చాలావాటిలో కరెంట్ కొలిచే సదుపాయమే లేదు. చిన్న వోల్టేజ్ తగిలితే వోల్టేజ్ అని పోల్చుకోలేక రెసిస్టెన్స్ అనుకుని ఏదో అంకె చూపిస్తాయి. నేర్చుకునేవాళ్లకు ఏం కొలుస్తున్నామో తామే నిర్ణయించుకునే నాబ్ ఉండాలి. క్లాంప్ మీటర్ వైరింగ్ పనివాళ్లది, చవకవి మిల్లీయాంప్స్ దరిదాపులకు కూడా రావు.

కాబట్టి డబ్బు సర్దుబాటైతే 10 మెగా ఓమ్‌లు, రెండు ఫ్యూజులు, చురుకైన బజర్ ఉన్న 4000 లేదా 6000 కౌంట్ల ఆటో రేంజ్ మీటర్ కొనండి. రేంజ్ వెతుక్కోవడానికి అది ఒక సెకను తీసుకుంటుంది, అంతే. కుదరకపోతే డీటీ830డీతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. బ్యాటరీ సర్క్యూట్ల వరకు, పెద్ద రెసిస్టర్ల దగ్గర అనుమానంతో చూస్తూ వాడితే ఏడాదంతా పనిచేస్తుంది. ఆ తర్వాత మంచిది కొన్నా దీన్ని పారేయకండి. ఎల్‌ఈడీ మీద వోల్టేజ్, అందులో పారే కరెంట్ ఒకేసారి చూడాలంటే రెండు మీటర్లు కావాలి.

ఏది కొన్నా గోడ సాకెట్లోని కరెంటు కొలిచే పని ఈ చవక మీటర్లకు అప్పగించకండి. కాట్ 3 (భవనం వైరింగ్ మీద కొలవడానికి తగిన భద్రత ఉందని చెప్పే స్థాయి) అని ముందు ముద్ర ఉండి, లోపల గాజు ఫ్యూజ్ ఒక్కటే ఉన్న మీటర్లు చాలా ఉన్నాయి. ఆ ముద్రకి తగ్గ మీటర్లో ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజ్ ఉంటుంది. ఓమ్స్‌లో ఉంచి మెయిన్స్‌ని తాకిస్తే డీటీ830 లోపలి చిన్న రెసిస్టర్లు మాడిపోతాయి. ఆ తర్వాత మీటర్ ఆన్ అవుతుంది, అంకెలూ చూపిస్తుంది, కానీ అవి తప్పుడు అంకెలు.

మీటర్ చేతికొచ్చిన రోజే 200 ఓమ్స్‌లో ప్రోబ్స్ తాకించి చూడండి. 0.2 నుంచి 0.5 దాకా రావడం మామూలే, అది వైర్ల నిరోధం, చిన్న రెసిస్టర్లు కొలిచినప్పుడు ఆ మేర తీసేయాలి. అలాగే పట్టుకుని వైర్లని ప్రోబ్‌లోకి, ప్లగ్‌లోకి వెళ్లే చోట అటూఇటూ వంచండి, అంకె ఎగిరిపడుతుంటే లోపల తీగ తెగబోతోంది. మీటర్ కంటే ముందు పోయేవి ప్రోబ్ వైర్లే, మెత్తటి సిలికాన్ వైర్లు విడిగా కొనుక్కోవచ్చు. ఇంకో రెండు ఫ్యూజులు కూడా పక్కన పెట్టుకోండి. డీటీ830లో సాధారణంగా 5 మిల్లీమీటర్ల లావు, 20 మిల్లీమీటర్ల పొడవుండే గాజు ఫ్యూజ్ ఉంటుంది. పాతదాని లోహపు టోపీ మీద చెక్కిన ఆంప్స్, వోల్ట్స్ చదివి అదే తేవాలి. వోల్టేజ్ సరిగ్గా వస్తూ, మిల్లీయాంప్స్‌లో మాత్రం ఎప్పుడూ సున్నా చూపిస్తోందంటే పోయింది ఆ ఫ్యూజే.