గ్రాండ్ ఐలాండ్ నుంచి అలయన్స్ దాకా: ఇసుక కొండల నడుమ మోటర్‌హోమ్‌లో ఒక పగలు

నెబ్రాస్కా రాష్ట్రాన్ని దాటవలసిన వాళ్లలో చాలామంది 80వ నంబరు ఇంటర్‌స్టేట్ పట్టుకొని, చూడదగినదేమీ లేదని విసుక్కుంటూ వెళ్లిపోతారు. ఒమాహాలో ఎనిమిదేళ్లుగా ఉంటున్న మేమూ అదే చేస్తూ వచ్చాం. మొన్న సెప్టెంబరులో అమ్మా నాన్నగారూ కాజీపేట నుంచి వచ్చినప్పుడు మాత్రం, పొయ్యి, మంచం, మరుగుదొడ్డి ఉండే 25 అడుగుల ఇల్లులాంటి బండి, అంటే మోటర్‌హోమ్, ఒకటి అద్దెకు తీసుకొని, గ్రాండ్ ఐలాండ్ నుంచి అలయన్స్ వరకు 272 మైళ్లు, అంటే సుమారు 438 కిలోమీటర్లు, రాష్ట్ర రహదారి 2 మీద ఒక పగలంతా ప్రయాణించాం. ఆ దారి ఎలాంటిదో, బండి ఏ మేరకు అక్కరకు వచ్చిందో, మా లెక్క ఎక్కడ తప్పిందో చెబుతాను.

ముందురోజు రాత్రి ఇంటర్‌స్టేట్ పక్కన ఇలాంటి బండ్లు నిలుపుకునే ఒక ప్రైవేటు ఆర్‌వీ పార్కులో దిగాం. నీళ్లు, 30 ఆంపియర్ల కరెంటు, మురుగు గొట్టం తగిలించుకునే వసతి, వైఫై అన్నీ ఉన్నాయి. కానీ పక్క బండి వాళ్ల టీవీ మాటలు మా మంచం దాకా వినిపించేటంత ఇరుకు, తెల్లవార్లూ లారీల హోరు. పైపెచ్చు మా బండిలోని మీటరు, మరుగుదొడ్డి ట్యాంకును ఖాళీ చేసిన పది నిమిషాలకే నిండిపోయినట్టు ఎర్రదీపం చూపింది. అద్దెకిచ్చిన సంస్థకు ఫోను చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఆ తర్వాత లైను తెగిపోయింది.

ఉదయం ఏడున్నరకు బయలుదేరాం. మొదటి ఊరు పేరు కైరో అని రాసి ఉంటుంది, పలకడం మాత్రం ‘కేరో’ అంటారు. వీధులకు నైలు, సూయజ్ అనే పేర్లు పెట్టుకున్నారు. అక్కడినుంచి బ్రోకెన్ బో వరకు మొక్కజొన్న చేలు, ప్రతి ఊరికీ ధాన్యం నిల్వచేసే ఎత్తయిన గోదాము ఒకటి, దాన్ని ఆనుకొని రైలు పట్టాలు. ఎదురుగా వచ్చే పికప్ ట్రక్కుల వాళ్లు స్టీరింగు మీదినుంచి చూపుడు వేలు ఒక్కటి లేపి పలకరిస్తారు. మొదట దేనికో హెచ్చరిస్తున్నారనుకొని నేను కంగారుపడి వేగం తగ్గించాను కానీ, మూడో ఊరు దాటేసరికి నాన్నగారు కూడా పక్క సీట్లోంచి వేలు లేపడం మొదలుపెట్టారు.

బ్రోకెన్ బో ఈ దారిలో కాస్త పెద్ద ఊరు, కస్టర్ కౌంటీకి ముఖ్యపట్టణం. కలప దొరకని ఈ మైదానంలో గడ్డివేళ్లతో సహా పెళ్లగించిన మట్టి పెళ్లలతో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలను, ఆవులతో గుర్రాలతో సహా ఇంటి ముందు నిలబెట్టి ఫొటోలు తీసిన సాలమన్ బుచర్ 1886లో ఆ పని మొదలుపెట్టినది ఈ కౌంటీలోనే. ఊళ్లో చతురస్రాకారపు కూడలి, మధ్యన చెట్లతో పార్కు, చుట్టూ అంగళ్లు చూడముచ్చటగా ఉన్నాయి. కానీ ఎర్రదీపాన్ని నమ్మిన పాపానికి మేము ఇక్కడ మురుగు ట్యాంకు ఖాళీ చేసుకునే డంప్ స్టేషను కోసం గంటసేపు వెతుక్కొని, లోపల ఏమీ లేని ట్యాంకును మరొకసారి ఖాళీ చేశాం. పెట్రోలు మాత్రం ఇక్కడే నిండుగా పోయించుకోవడం మంచిది. గ్యాలనుకు తొమ్మిది మైళ్లకు మించి ఇవ్వని బండికి ఈ ఒక్కరోజుకే దాదాపు ముప్పై గ్యాలన్లు పట్టింది, పైగా తరువాతి ఊళ్లలో బంకులు దూరందూరంగా ఉన్నాయి.

ఆన్సెల్మో దాటాక చేలు ఆగిపోయి, అలలు అలలుగా గడ్డి కప్పుకున్న ఇసుక తిన్నెలు మొదలవుతాయి. రాష్ట్రంలో నాలుగో వంతు ఇదే నేల. 1862 నాటి చట్టం కింద కుటుంబానికిచ్చిన 160 ఎకరాలు ఇక్కడ ఎందుకూ చాలవని గ్రహించి, 1904లో కింకేడ్ చట్టంతో ఆ లెక్కను 640 ఎకరాలకు పెంచారు. అయినా దున్నిన చోటల్లా ఇసుక లేచిపోతూ ఉండడంతో చాలామంది భూమిని పశువుల ఆసాములకు అమ్ముకొని వెళ్లిపోయారు. అందుకే నేటికీ ఇది మనుషులకన్నా ఆవులు ఎక్కువగా కనిపించే సీమ. డన్నింగ్ దగ్గర డిస్మల్ అనే నది వచ్చి మిడిల్ లూప్ నదిలో కలుస్తుంది. దిగులు అనే అర్థం వచ్చే పేరు అంత స్వచ్ఛమైన నీటికి ఎవరు పెట్టారో కానీ, నాకు అన్యాయమనిపించింది.

ఈ దారిలో నా మనసు చిక్కుకున్నది హాల్సీ దగ్గర. చెట్టన్నది లేని ఈ ఇసుకలో అడవిని పెంచవచ్చని చార్లెస్ బెస్సీ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు పట్టుబట్టగా, 1902లో ప్రభుత్వం నారుమడి వేసి, వేల ఎకరాల్లో పైన్ మొక్కలను చేతులతో నాటించింది. ఆ నారుమడి ఇప్పటికీ నడుస్తోంది. 2022 అక్టోబరులో చెలరేగిన మంటల్లో అడవిలో కొంత భాగంతో పాటు, కొండ మీది స్కాట్ కావలి బురుజు కూడా కాలిపోయింది. నల్లని మోళ్ల పక్కనే పచ్చని గుబుర్లు నిలబడి ఉండగా, అక్కడి విడిదిలో చెట్ల నీడన బండి ఆపి మధ్యాహ్న భోజనానికి కూర్చున్నాం. కరెంటు ఉన్న స్థలాలు ఒకదానికొకటి బాగా ఎడంగా ఉన్నాయి, పక్కన నది, చప్పుడు చేసేది గాలి ఒక్కటే. రాత్రి దిగిన పార్కుకన్నా ఇక్కడ సదుపాయాలు తక్కువే, అయినా నన్ను అడిగితే రెంటికీ పోలికే లేదు.

భోజనం సంగతి వేరే చెప్పాలి. ఇది గోమాంసపు సీమ. చిన్న ఊళ్లలో ఉన్న ఒకటి రెండు కెఫేలలో మా అమ్మ తినగలిగినవి వేయించిన బంగాళాదుంపలు, చీజ్ పెట్టి కాల్చిన రొట్టె, అంతే. ఆ కెఫేలు కూడా రెండు గంటలకల్లా మూసేస్తున్నారు. బండిలో ప్రొపేను పొయ్యి ఉన్నందువల్ల మా ఆవిడ అన్నం, టమాటా పప్పు వండింది, ఆవకాయ సీసా ఇంటినుంచే వచ్చింది. మోటర్‌హోమ్‌కు పెట్టిన డబ్బులో సగం ఆ ఒక్క పూటలోనే గిట్టుబాటయిందని నేనంటే, “అయితే మిగతా సగం ఆ ఎర్రదీపానికి కట్టామన్నమాట” అంది ఆవిడ.

థెడ్‌ఫర్డ్ తర్వాత సెనికా వస్తుంది. 2014లో ఈ గ్రామస్థులు తమ పంచాయతీని రద్దు చేసుకోవాలా అని ఓటింగు పెట్టుకొని, ఒక్క ఓటు తేడాతో రద్దు చేసుకున్నారు. ఆపై కౌంటీ సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి పోతుంది. మలెన్‌కు ఆ లెక్కన ముందే చేరాం. ఇక్కడివాళ్లు పశువులకు నీళ్లుపోసే గుండ్రటి తొట్టెల్లో కూర్చొని నదిలో తేలుతూ పోవడాన్ని వేడుకగా జరుపుతారు. నాకు దిగాలని ఉన్నా అప్పటికి సమయం లేదు.

దారి పొడుగునా మాతో వచ్చింది రైలు. వయోమింగ్ గనుల బొగ్గుతో మైలుకు మించి పొడవున్న బండ్లు, వెనక కూడా ఇంజన్లు తగిలించుకొని, తూర్పుకు పోతుంటాయి. కాజీపేటలో గార్డుగా రిటైరైన నాన్నగారు హయానిస్ దగ్గర మా బండి ఆపించి, దిగి నిలబడి, “పెట్టెలు నూట ముప్పై దాటాయిరా, గార్డు పెట్టె లేదు చూడు” అన్నారు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, నొచ్చుకోలు ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

హయానిస్ నుంచి అలయన్స్ వరకున్న అరవై మైళ్లే అన్నిటికన్నా నిర్జనం. మాకు ఫోను సిగ్నలు లేదు, అడ్డగాలి ఎత్తయిన బండిని పక్కకు నెడుతూంటే యాభై అయిదు మైళ్ల వేగం దాటలేదు. ఆంటియాక్ దగ్గర రోడ్డు పక్కన కాంక్రీటు శిథిలాలు కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీనుంచి ఎరువుల పొటాష్ రావడం ఆగిపోతే, ఇక్కడి చవిటి చెరువుల నీటినుంచి దాన్ని తీసే కర్మాగారాలు వెలిసి, వేలమంది వచ్చి చేరారు. యుద్ధం ముగిశాక చవకైన దిగుమతులు తిరిగి రావడంతో ఊరికి ఊరే లేచిపోయింది. ఆగి చదువుకోవడానికి ఒక ఫలకం ఉంది, అయిదు నిమిషాలు చాలు.

అలయన్స్‌లోని కార్‌హెంజ్‌కు ప్రవేశ రుసుము లేదు. జిమ్ రైండర్స్ 1987లో తండ్రి జ్ఞాపకంగా, బంధువులందరినీ కూడగట్టి, ఇంగ్లండులోని పురాతన రాతి స్తంభాల వలయం స్టోన్‌హెంజ్ నమూనాలో పాత కార్లను నిలువునా పాతి, బూడిద రంగు వేయించాడు. తొలుత అభ్యంతరాలు లేవదీసిన ఊరే ఇప్పుడు దారి చూపే బోర్డులు పెట్టుకుంది. ఫొటోల్లో వెటకారంగా తోచింది కానీ, వాలు ఎండలో ఎదుట నిలబడితే నాకు అలా అనిపించలేదు.

అలయన్స్‌లో ముందే డబ్బు కట్టిన పార్కు శుభ్రంగా ఉంది, యజమానురాలు నాన్నగారికోసం పట్టాలవైపు స్థలం మార్చి ఇచ్చింది. మా తప్పంతా రెండు చివర్లలో విడిది ఖాయం చేసుకొని మధ్యలో హాల్సీని వదిలేయడమే. ఈ దారిని రెండు రోజులుగా విడగొట్టి, హాల్సీలో ఒక రాత్రి, మరునాడు నదిలో తొట్టె ప్రయాణం పెట్టుకొని ఉంటే ఖర్చు ఒక్క రోజు అద్దె మాత్రమే పెరిగేది. బండి తిరిగి అప్పగించేటప్పుడు ఎర్రదీపం సంగతి చెబితే, కౌంటరులోని కుర్రవాడు తల ఎత్తకుండానే “అది ఎప్పుడూ అలాగే చూపిస్తుందండీ” అన్నాడు.